మిల్లు మడత

తలుపు అవతల ఎవరో నిలబడి ఊపిరి పీల్చుకోవడం, బెల్ నొక్కకుండానే వెనక్కి తిరిగి మెట్లు దిగడం, మళ్లీ ఎక్కి రావడం లోపల కూర్చున్న మరిదికి వినబడుతూనే ఉంది. అతను లేవబోతే వదిన చెయ్యెత్తి ఆపింది.

"ఉండు. తనంతట తనే రానీ. మనం లాక్కొస్తే సగమే చెబుతాడు."

కళ్లజోళ్ల దుకాణం పైన రెండు గదులు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఎప్పుడూ ఆరని కాఫీ స్టవ్వు. వదిన ఆఫీసంటే అంతే. ఇదివరకు ఆమె ఒక బీమా కంపెనీలో అగ్నిప్రమాదాలు పరిశీలించేది. కాలిన గోడౌన్‌లోకి వెళ్లి బూడిదను వేళ్ల మధ్య నలిపి, ఇది షార్ట్ సర్క్యూట్ కాదు, యజమానే అంటించుకున్నాడని చెప్పేది. అలా చెప్పడం పైవాళ్లకు నచ్చకపోవడంతో ఉద్యోగం మానేసి ప్రైవేట్ డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకుంది. మరిది ఆమెకు సహాయకుడు. వదిన వెనకాల సంచీ మోసుకు తిరుగుతున్నాడని స్నేహితులు ఆటపట్టించినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆమె బుర్ర పనిచేసే తీరు దగ్గరగా చూసే అదృష్టం వాళ్లెవరికీ లేదుగదా అనుకునేవాడు. అతని అన్నయ్య మాత్రం పాపం, పెళ్లయిన నాటినుంచి ఒక్క అబద్ధమూ ఆడి గట్టెక్కలేకపోయాడు.

చివరికి బెల్ మోగింది. వచ్చినవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఒక చేతిని చిన్న పాప పట్టుకుని ఉంది.

"నన్ను కాపాడాలి మేడమ్. మా మావయ్యగారికి నేను విషం పెట్టానంటున్నారు."

"పెట్టారా?" అంది వదిన.

"అయ్యో, లేదండీ!"

"అయితే కూర్చోండి. కాఫీ తాగుతూ చెప్పండి."

అతను మావగారి పిండిమిల్లులోనే కెమిస్ట్. గోధుమ గింజలో మొలక కోసం దాచిపెట్టుకున్న ప్రొటీన్లు ఉంటాయి. పిండిని నీళ్లతో కలిపినప్పుడు జిగురులా సాగేది, బ్రెడ్డును పొంగించేది అవే. కొందరి ఒంటికి మాత్రం ఆ జిగురు పడదు. కడుపు దాన్ని శత్రువు అనుకుని తిరగబడి, ఆ పోరులో తననే పాడుచేసుకుంటుంది. ఈ కెమిస్ట్ గింజను గింజగానే ఒక ద్రావణంలో నానబెట్టి, ఆవిరి పట్టి, లోపలి ప్రొటీన్‌ను రసాయనికంగా మార్చి, ఆ తర్వాతే మరాడించే పద్ధతి కనిపెట్టాడు.

"అంటే దొంగకి మారువేషం వేశారన్నమాట" అంది వదిన.

"కాదండీ. దొంగ చేతిలో కత్తి లాగేశాను" అన్నాడతను. ఆ ఒక్క మాట మాత్రం తడబడకుండా చెప్పాడు.

మిల్లు యజమాని అయిన మావగారికి కూడా ఆ జబ్బే. ఏళ్ల తరబడి బ్రెడ్డు ముట్టని ఆ పెద్దాయన, కొత్త పిండిని నలుగురికీ చూపించే రోజున మొదటి ముక్క తానే తింటానన్నాడు. అందరి ముందూ తిన్నాడు. అతిథులు కాఫీ ముగించకముందే వాంతులు పట్టుకుని కుప్పకూలాడు. ఆస్పత్రిలో చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు. అల్లుడు పగబట్టి మామూలు బ్రెడ్డు తినిపించాడని లేచి కూర్చున్న వెంటనే ఫిర్యాదు చేశాడు.

"అది కూడా పడతానండీ. కానీ పాపకీ ఇదే జబ్బు. ఇలాంటివాడి చేతిలో నా మనవరాలు బతకదు, నాకు అప్పగించండని కోర్టులో వేశారు. దీన్ని తీసుకుపోతే నాకింకేం లేదండీ."

"పాప వాళ్లమ్మ?"

"పోయిందండీ. నీరసం... రక్తం లేక." అతను నేలవైపు చూశాడు.

వదిన ఇంక అడగలేదు. పాప వైపు వంగి, "నీకు బ్రెడ్డంటే ఇష్టమా బంగారూ?" అంది. పాప తండ్రి మొహంలోకి చూసింది.

"మా ఇంట్లోకి గోధుమే రానివ్వనండీ" అన్నాడతను, ఎవరూ తనను అడగకుండానే.

వాళ్లు వెళ్లిపోయాక వదిన కాఫీ కప్పు తిరగేసి పెట్టింది. "పాప గౌను జేబు చూశావా మరిదిగారూ? అంచున గోధుమరంగు పొడి. ఇసుకలాంటి పొడి."

"అయితే వాడు అబద్ధం ఆడాడు! ఈ కేసు వద్దు వదినా."

"అబద్ధం ఆడాడు. ఎవరి కోసమో తేలాక తిడదాం. సంచీ తీసుకో."

మిల్లులో గోడలూ కిటికీలూ మనుషుల కనుబొమ్మలూ అన్నీ ఒకే తెలుపు. ప్రయోగాల వంటగదిలో బేకరీ మాస్టర్ చేతులు కట్టుకుని, ఎవరో తనను చెంపదెబ్బ కొట్టినట్టు నిలబడి ఉన్నాడు.

"బస్తా సీలు నేనూ కెమిస్టుగారూ కలిసే విప్పామండీ. పిండి కలిపింది నేనే, కాల్చిందీ నేనే, కోసిందీ నేనే. హాల్లోకి వెళ్లినవన్నీ ఆ రొట్టెలే. మిగిలింది ఫ్రీజర్‌లో ఉంది, చూసుకోండి." అంటూ ఒక పొట్టి రొట్టెను బల్లమీద పెట్టాడు. "నిజం చెప్పాలంటే ఇది బ్రెడ్డే కాదండీ. పొంగదు, సాగదు. దీన్ని నా చేత్తో చేశానంటే మా గురువుగారు సమాధిలోంచి లేచి వస్తారు. ప్రతి ట్రయల్‌కీ పెద్దాయన వచ్చి ఒక ముక్క చేత్తో నలిపి, 'ఇసకరా ఇది' అని నవ్వేసి పోయేవారు."

మంచు కరిగిన ముక్కను మరిది రుచి చూద్దామని తీసి కొంచెం వంచాడు. అది ఫట్‌మని విరిగి చొక్కా నిండా రాలింది.

"ప్లేటు పట్టుకోండి బాబూ" అన్నాడు మాస్టర్ నీరసంగా. వదిన పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోవడం మరిది గమనించాడు. ఆమె అలా ఆగిందంటే లోపల ఏదో తాళం తెరుచుకుందన్నమాట. అడిగితే చెప్పదు.

అదే బస్తాలోంచి ఇంత పిండి, మామూలు పిండి మరికొంత తెప్పించి, రెండిటినీ వేరువేరుగా ముద్దలు కలిపి, కొళాయి కింద పిసుకుతూ కడిగింది. మామూలు ముద్దలోంచి తెల్లనీళ్లన్నీ పోయాక రబ్బరులా సాగే బూడిదరంగు జిగురు చేతిలో మిగిలింది. కెమిస్ట్ పిండి ముద్ద అంతా కరిగి కాలువలో కలిసిపోయింది. చేతిలో ఏమీ మిగల్లేదు.

"పిండి సరైనదే. మాస్టర్‌గారూ, మీ మీద నాకేం అనుమానం లేదు. చేతులు విప్పుకోండి" అంది.

బయటికి వస్తుంటే క్యాంటీన్‌లో బస్తాలు మోసే కార్మికులు టిఫిను తింటున్నారు. ప్రతివాడూ బ్రెడ్డు స్లైసును పుస్తకంలా రెండుగా మడిచి, మడత వైపు పట్టుకుని కొరుకుతున్నాడు. మరిదికి అది వింతగా అనిపించి అడిగాడు.

"అలవాటండీ. ఎంత కడుక్కున్నా చేతికి పిండి పోదు కదా" అన్నాడు ఒకడు. "మడిస్తే లోపలివైపు శుభ్రంగా ఉంటుంది. మిల్లు మడత అంటాం. ఇంట్లో మా ఆవిడ తిడుతుంది, అయినా చెయ్యి మాట వినదు. పెద్దాయన కూడా మాలాగే బస్తాలు మోసి పైకొచ్చారు. జబ్బు బయటపడకముందు ఇక్కడే, ఈ బెంచీ మీదే మాతో కూర్చునేవారు."

ఆఫీసులో పెద్దాయన కొడుకు, అందరూ చిన్నాయన అంటారు, వాళ్లకోసమే ఎదురుచూస్తున్నాడు.

"బావ పెట్టిన డిటెక్టివ్‌కి నేనెందుకు సాయం చెయ్యాలండీ? అయినా చూడండి, దాచుకునేది నాకేం లేదు" అంటూ కంప్యూటర్‌లో ఆ రోజు వీడియో పెట్టాడు.

హాలు, పొడుగు బల్ల, అతిథులు. కెమిస్ట్ స్వయంగా ప్లేటు తెచ్చి పెద్దాయన ముందు పెట్టాడు. పెద్దాయన తలపంకించి, కోటు సవరించుకుని, ఒళ్లో రుమాలు పరుచుకున్నాడు. తర్వాత స్లైసు పైకెత్తి, మడిచి, కొరికాడు. చప్పట్లు. నవ్వుతూ రెండోది కూడా తిన్నాడు.

"చూశారుగా, బావ తప్ప ఇంకెవరూ ఆ ప్లేటు ముట్టుకోలేదు" అన్నాడు చిన్నాయన.

"మీ బావంటే మీకు ఎందుకంత కోపం?"

"మా అక్క పోయింది కాబట్టి. తిన్నది ఒంటపట్టక రోజురోజుకీ పుల్లలా అయిపోతుంటే, ఈయన 'నీ మనసులోనే ఉంది జబ్బంతా, సుబ్బరంగా తిను' అనేవాడు. గోధుమ ప్రొటీన్ మీదే పెద్ద పెద్ద చదువులు చదివినాయన! ఆ గోధుమే తన పెళ్లాన్ని తినేస్తోందని కనిపెట్టలేకపోయాడు. అక్క పోయాక నాన్నకి జబ్బు బయటపడింది. ఇది కుటుంబంలో వచ్చేది, అమ్మాయికీ ఇదే ఉండి ఉంటుందని డాక్టర్ చెప్పినప్పుడు నాన్న మొహం చూడాల్సింది. ఆ రోజునుంచి ఆయన బావతో మాట కలిపింది లేదు. ఈ పిండి మొదలెట్టాకే మళ్లీ పలకరించడం మొదలెట్టారు."

"మరి మీరు?"

"నేను పళ్లు నూరుతూనే ఉన్నానండీ. కానీ ఈ పిండి మీద మిల్లంతా పెట్టి కూర్చున్నాం. నా చేత్తో నా మిల్లు మూసుకుంటానా?"

వదిన లేచింది. "రేపు మధ్యాహ్నం మీ ఇంట్లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. పాపనీ తీసుకురమ్మని మీ బావకి నేను చెబుతాను."

దారిలో మరిది ఉండబట్టలేకపోయాడు. "ఎవరు వదినా?"

"నీకూ చూపించారుగా వీడియో. చొక్కా దులుపుకున్నావు కూడా."

మరిది ఆ సాయంత్రమంతా తన చొక్కాను తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఏమీ తట్టలేదు.

మిల్లు వెనకే పెద్దాయన ఇల్లు. ముందు గదిలో కూర్చుంటే మర చప్పుడు నేలలోంచి పాదాలకు తెలుస్తుంది. గోడమీద ఒక అమ్మాయి ఫొటో ఉంది. పెద్దాయన పడక కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఒళ్లు సగమైంది గాని చూపు మాత్రం అల్లుడు గదిలోకి వచ్చినప్పటినుంచి అతని మీదే ఉంది. చిన్నాయన, బేకరీ మాస్టర్ గోడవారగా కూర్చున్నారు. పాప పెరట్లో ఆడుకుంటోంది.

"ముందు ఒక అబద్ధం సంగతి తేల్చుకుందాం" అంది వదిన, కెమిస్ట్ వైపు తిరిగి. "ఇంట్లోకి గోధుమ రానివ్వనన్నారు. మీ పాప రోజూ ఈ కొత్త బ్రెడ్డు తింటోంది. వాళ్ల డాక్టర్ని అడిగాను. ఆవిడ పరీక్షలు చేస్తూ ఉండగానే మీరు పెట్టడం మొదలెట్టారట. మొదట మీరు చెప్పొద్దన్నారని నోరు విప్పలేదు. పాపని తీసుకుపోతారన్నాక చెప్పింది. పాప ఒంటికి ఏమీ కాలేదు సరిగదా, బరువు కూడా పెరిగిందట. మీ పిండి మంచిదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంది? ఎందుకు దాచారు?"

"కన్నకూతురి మీద ప్రయోగాలు చేస్తున్నాడని కోర్టులో అంటారని" అన్నాడు కెమిస్ట్, తల ఎత్తకుండా.

"అంటాను!" అన్నాడు పెద్దాయన. "ఒకర్ని చంపింది చాలలేదా నీకు?"

వదిన ఆ మాట వినబడనట్టే సంచీలోంచి ఒక ప్లేటు తీసి పెద్దాయన ముందు పెట్టింది. ప్లేటులో ఆ పొట్టి రొట్టె ముక్క ఒకటి ఉంది. "తినమనడం లేదండీ. ఆ రోజు ఎలా మడిచారో, అలా ఒక్కసారి మడిచి చూపించండి."

పెద్దాయన ముక్కవైపు చూశాడు. దుప్పటి కింద చేతులు కదల్లేదు.

"మరిదిగారూ, పోనీ నువ్వు మడిచి చూపించు."

మరిది తీసి వంచాడు. అది విరిగి ముక్కలు ముక్కలుగా చాపమీద రాలింది. అప్పుడు వెలిగింది అతనికి. మొహం చేటంత అయింది.

"అదీ సంగతి" అంది వదిన. "జిగురు లేని బ్రెడ్డు మడత పడదు. వీడియోలో మీరు తిన్న స్లైసు పుస్తకంలా మడత పడింది. అంటే అది మామూలు బ్రెడ్డు. సీలు విప్పిన బస్తాలో పిండి మంచిదే. మాస్టర్ చేసిన రొట్టెలూ మంచివే. మిగతా అతిథులు తిన్నవీ అవే. మీ ప్లేటులో ఒక్కదాంట్లోనే మామూలు బ్రెడ్డు వచ్చింది."

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "ఇంకేం మరి! ప్లేటు తెచ్చింది బావే కదా!"

"అక్కడ నేనూ ఆగానండీ. ఇతనే తెచ్చి పెట్టాడనుకుందాం. మీ నాన్నగారు పిండి బస్తాలు మోసి పెరిగిన మనిషి. ప్రతి ట్రయల్‌లోనూ ముక్క నలిపి చూసి, ఇసక అన్న మనిషి. అలవాటుకొద్దీ మడిచారు. మడత పడింది. ఆ క్షణంలో ఆ వేళ్లకు తెలియదా అది ఏ పిండో? కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. తెలిసీ కొరికారు. తెలిసీ నవ్వుతూ రెండోదీ తిన్నారు. ఎవరో పెట్టిన మోసమైతే అక్కడే ప్లేటు విసిరికొట్టి అల్లుడి గల్లా పట్టుకునేవారు." ఆమె గొంతు తగ్గించింది. "కోటు సవరించుకుని, ఒళ్లో రుమాలు పరుచుకున్నారు. జేబులో తెచ్చుకున్న మామూలు ముక్కలు ప్లేటులోవాటితో మారింది ఆ రుమాలు కిందే. ఆ కోటు అదిగో, ఆ మేకుకే ఉంది. జేబులో ఏం రాలి ఉందో నేను చూడలేదు. చూడమంటారా?"

బేకరీ మాస్టర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"అక్కర్లేదమ్మా" అన్నాడు పెద్దాయన.

"నాన్నా!" అన్నాడు చిన్నాయన. "చచ్చిపోయేవాడివి గదా నాన్నా!"

"చస్తే ఇంకా మంచిది. వీడు ఉరికంబం ఎక్కేవాడు." పెద్దాయన అల్లుడి మీంచి చూపు తిప్పలేదు. "ఒరేయ్, నీ పిండి పనిచెయ్యదని నేను నమ్మాననుకున్నావా? మొదటి ట్రయల్ నాడే ఒక ముక్క దాచుకుని తెచ్చాను. తలుపేసుకుని తిన్నాను. ఏమవుతుందా అని ఈ కుర్చీలోనే కూర్చున్నాను. ఏమీ కాలేదు. కడుపు చల్లగా ఉంది. ఎన్నేళ్లయిందో బ్రెడ్డు తిని!"

"మరి మంచిదని తెలిసీ..." అన్నాడు కెమిస్ట్.

"మంచిది కాబట్టే! చెడ్డదైతే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. ఇది నీ చేతనైన పనే. అయినా నా కూతురు బతికుండగా చెయ్యలేదు. దానికి 'భ్రమ' అని చెప్పావు. అది పోయాక కనిపెట్టావు. ఇప్పుడు నలుగురూ నిన్ను మెచ్చుకుంటారు, నీ ఫొటో పేపర్లో వేస్తారు. నా బిడ్డ చావు మీద నువ్వు పేరు తెచ్చుకుంటావా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగనివ్వనురా. ఏ గోధుమ నా కూతుర్ని తినేసిందో దాంతోనే నిన్ను నలిపేద్దామనుకున్నాను. నీ కూతుర్ని నీకు కాకుండా చేస్తే, అప్పుడు తెలుస్తుంది నీకు."

తప్పు చేసినవాడు దొరికిపోయినప్పుడు కలిగే సంబరం ఈసారి మరిదికి కలగలేదు. వదిన మాత్రం తన పని తను చేసింది. ఫిర్యాదూ పిటిషనూ రెండూ వెనక్కి తీసుకుంటున్నానని అక్కడున్న అందరి ముందూ ఆయన నోటితోనే చెప్పించింది. రేపు వకీలు దగ్గరికి తానే తీసుకెళతానని చిన్నాయన మాటిచ్చాడు. తండ్రివైపు చూడలేక బావవైపు చూసి, "క్షమించు బావా" అన్నాడు.

కెమిస్ట్ లేచాడు. వచ్చినప్పటి భయం అతని మొహంలో లేదు. దాని స్థానంలో ఉన్నది మరిదికి అంతకంటే నచ్చలేదు.

"మావయ్యగారూ, మీరన్నదాంట్లో అబద్ధం లేదు. దానికి భ్రమ అన్నాను. ఆ మాట నాకు రోజూ వినబడుతుంది. దాన్ని నేను చూసుకోలేకపోయానని మీరు నన్ను కొడితే పడి ఉండేవాణ్ణి. కానీ నా పిల్ల జోలికి వచ్చారు. పగ తీర్చుకోవడం నాకూ వచ్చు."

"పోలీసులకి చెప్పుకో పో" అన్నాడు పెద్దాయన.

"చెప్పను."

అతను పెరటి తలుపు తీసి కూతుర్ని పిలిచాడు. పాప ఒగురుస్తూ పరిగెత్తుకొచ్చింది. గోడమీది ఫొటో కింద వచ్చి నిలబడేసరికి గదిలో అందరికీ ఒకేసారి కనబడింది, అదే నుదురు, అదే గడ్డం. పెద్దాయన చూపు మొదటిసారి అల్లుడి మీంచి జారింది.

"అమ్మా, తాతయ్యకి ఒంట్లో బాలేదు. మన బ్రెడ్డు కొంచెం పెట్టు" అన్నాడు కెమిస్ట్. "ఇవాళ్టినుంచి ప్రతి ఆదివారం నువ్వే తెచ్చి పెట్టాలి. ఆయన తినేదాకా పక్కనే కూర్చోవాలి."

పాప జేబులోంచి ఒక ముక్క తీసింది. దాన్ని జాగ్రత్తగా తుంచి, పొడి రాలకుండా కింద రెండో చెయ్యి పట్టి, తాతయ్య నోటిదగ్గర పెట్టింది. "తిను తాతయ్యా. నేను రోజూ తింటాను. ఏమీ కాదు. నాకు కడుపునొప్పే రావట్లేదు ఇప్పుడు."

పెద్దాయన పెదవులు బిగించాడు. పాప చెయ్యి అక్కడే ఉంది. వెనక్కి పోలేదు. ఆయన ఫొటోవైపు చూశాడు, పాపవైపు చూశాడు, నోరు తెరిచాడు. నమిలాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నా తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు. మింగాడు.

"బాగుందా?" అంది పాప.

"బాగుందమ్మా" అన్నాడు పెద్దాయన.

కెమిస్ట్ గుమ్మం దగ్గర నిలబడి ఆఖరి పొడి దాకా చూశాడు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. వీధి మలుపు దాటాక మరిది అన్నాడు, "పోలీసులకి పట్టించినా బాగుండేది వదినా. జైలుకి ఎప్పటికైనా గడువు తీరుతుంది, ఈ ఆదివారాలకి తీరదు."

వదిన అతని చొక్కా మీద ఇంకా అంటుకుని ఉన్న బ్రెడ్డు పొడిని వేలితో దులిపింది. "పద, మీ అన్నయ్య ఎదురుచూస్తుంటారు" అంది.